కాస్త చోటిస్తే చాలు

(పూర్వ విద్యార్థిని, ఎం.ఎ. ఎకనామిక్స్, 2022-24)

మన సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ సాహిత్య కార్యదర్శి ఫోను చేసినప్పుడు, “ఏం రాయను తమ్ముడూ? ఎకనామిక్స్ గురించి రాస్తే మా లెక్చరర్లే చదవరు. నా గురించి రాస్తే ఇంకెవరు చదువుతారు?” అన్నాను. “మీరు నిండునెలలతో వచ్చి ఫైనల్ పరీక్షలు రాశారట గదా అక్కా, ఆ సంగతి రాయండి. మా క్లాసులో ఇప్పటికీ చెప్పుకుంటారు” అన్నాడు. ఏమని చెప్పుకుంటారో అడిగే ధైర్యం లేక సరేనన్నాను.

ముందే ఒక మాట. ఇది సాహసగాథ కాదు. మన దేశంలో తట్ట మోసే ఏ కూలితల్లి విన్నా నా కథకు నవ్వుతుంది. నేను మోసింది ఒక బిడ్డను, ఒక హాల్ టికెట్టును మాత్రమే.

ఎం.ఎ. మొదటి సంవత్సరం సెలవుల్లో నా పెళ్ళయింది. రెండో సంవత్సరం సగంలో ఉండగా డాక్టరమ్మ నా కార్డు మీద 12-6-2024 అని రాసింది. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కకట్టి వేసే తేదీ అది. సరిగ్గా ఆ తేదీకే పుట్టే పిల్లలు బహు తక్కువ. చాలామంది ముందో వెనకో పుడతారు. ఆ సంగతి తెలియక నేను దాన్ని పరీక్ష తేదీని నమ్మినట్టే నమ్మాను. తీరా నాలుగో సెమిస్టరు టైంటేబుల్ నోటీసు బోర్డు మీద పెట్టిన రోజున రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. మే 20న మొదటి పేపరు, 29న అయిదో పేపరు. కార్డు ప్రకారం మొదటి పేపరు నాటికి 36 వారాల 5 రోజులు, చివరి పేపరు నాటికి సరిగ్గా 38 వారాలు.

మా అత్తమ్మ లెక్క నెలలు. డాక్టరమ్మ లెక్క వారాలు. కాలేజి లెక్క సెమిస్టర్లు. ఈ మూడు లెక్కలూ నా ఒక్క ఒంట్లోనే తేలవలసి వచ్చింది.

మేముండేది ఉప్పల్ దగ్గర. కాలేజికి సిటీబస్సే దిక్కు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాని మీద జోకులు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, నా మటుకు నాకు రోజూ ఛార్జీల కోసం మావారి జేబు వంక చూసే పని తప్పింది. అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఛార్జీతో పాటు సీటు కూడా పోయింది. పొద్దున ఎనిమిదిన్నర బస్సులో నిలబడడానికే చోటు దొరకదు. ఒకనాడు కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, తర్వాత నా పొట్ట వంక చూసి, “ఒక జీరో టికెటా అమ్మా, రెండా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే ఎవరో నా కోసం లేచి నిలబడి ఉన్నారు.

ఈ లేవడం గురించి ఎవరైనా ఒక పరిశోధన చేయవచ్చు. అయిదో నెలలో ఎవరూ లేవరు. లావుగా ఉందా, కడుపుతో ఉందా అని సందేహం. అడిగితే ఏమనుకుంటుందోనని మొహమాటం. ఏడో నెలలో సందేహం తీరుతుంది గాని, సీట్లోవాళ్ళకు సరిగ్గా అప్పుడే కిటికీ బయట చూడవలసినవి చాలా కనిపిస్తాయి. తొమ్మిదో నెల వచ్చేసరికి కిటికీ బయట చూడడానికి ఏమీ మిగలదు. నా అనుభవంలో ముందుగా లేచేది మన బోటి చదువుకున్నవాళ్ళు కాదు. కూరగాయల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక ముసలమ్మ, “ఓ పిల్లా, జర జరుగు. ఈ పొల్లకు నెలలు నిండినయి, కూసోనియ్యి” అని పక్కన ఫోను చూసుకుంటున్న అమ్మాయిని కదిపి, తమ ఇద్దరి మధ్య నాకు జానెడు చోటు చేసేది.

చోటిచ్చినవారికి ప్రశ్నలడిగే హక్కు కూడా వస్తుంది. ఎన్నో నెల బిడ్డా? తొలుసూరా? తల్లిగారిల్లు ఏ ఊరు? ఇంకా తల్లిగారింటికి పోలేదేం? బొప్పాయి తినలేదు గదా? స్కానింగ్ సెంటర్ల గోడల మీద, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని బోర్డు ఉంటుంది. 1994లో వచ్చిన చట్టం అది. మా బస్సులో ఆ చట్టం అమలులో లేదు. కడుపు కిందికి దిగితే మగపిల్లవాడని ఒకరు, మొహం మెరిస్తే ఆడపిల్లని ఇంకొకరు, ఏ యంత్రమూ లేకుండానే తేల్చేసేవారు. ఉప్పల్ నుంచి కాలేజికి చేరేలోపల నాకు చాలాసార్లు కొడుకు, కొన్నిసార్లు కూతురు, ఒకసారి కవలలు పుట్టారు.

ఇక ఒంటి సంగతి. కవులు ‘మాతృమూర్తి’ అని కీర్తించే ఆ మూర్తికి ఈ నెలల్లో ఎదురయ్యే పెద్ద సమస్యలు మూడు: కిందపడిన పెన్ను తీసుకోవడం, చెప్పుల పట్టీ పెట్టుకోవడం, పడుకున్న మంచం మీద నుంచి లేవడం. నర్సమ్మ టేపు పెట్టి పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా కొలిచి సెంటీమీటర్లు చెప్పేది. అది ఇంచుమించు వారాల సంఖ్యే అయివుండడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. మా ఎకనామెట్రిక్స్‌లో ఏ సూత్రమూ అంత సులువుగా సరిపోదు. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండేది. గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి. పడుకుంటే గుండెల్లో మంట. వెల్లకిలా పడుకోవద్దన్నారు. అలా పడుకుంటే బరువంతా వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుందట. అందుకని ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద మడతపెట్టిన పాతచీర, తలాపున పబ్లిక్ ఫైనాన్స్ నోట్సు. రాత్రికి నాలుగైదుసార్లు లేవడం మామూలే. లేచిన ప్రతిసారీ ఒక పేజీ చదివితే సిలబస్ పూర్తవుతుంది గదా అనుకున్నాను. మూడో రాత్రికే ఆ ముచ్చట తీరింది.

రోజుకొక ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు. రెండు రకాలూ కలిపి మింగకూడదు. ఒకదాన్ని ఇంకొకటి ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్ర టీతో అసలే వేసుకోకూడదు. నా కార్డు మీద రక్తం 10 గ్రాములని రాశారు. గర్భిణికి 11కు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులేనని తేలింది. ఆ పట్టికను సెమినారు కోసం బట్టీపట్టినదాన్ని నేను. పట్టికల్లో కనిపించే అంకెలు నా బోటి మనుషులేనని కార్డు చూసుకున్నాక గాని తట్టలేదు.

కష్టాలేనా అంటే, కాదు. పొట్ట మీద పుస్తకం ఆనించి చదువుతుంటే లోపలి నుంచి ఒక్క తన్ను. పుస్తకం లేచి పడేది. ఒకరోజు క్లాసులో కూర్చున్నప్పుడు గడియారంలాగా టకటకమని ఒకే లయలో కదలిక మొదలైంది. భయపడి సాయంత్రం నర్సమ్మను అడిగితే, “ఎక్కిళ్ళమ్మా! పుట్టినంక వచ్చేటివే ఇప్పుడు గూడ వస్తయి” అంది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీ జాతీయాదాయం లెక్కలోకి రాదని మా లెక్చరర్ గారు పాఠం చెబుతుండగానే ఆ ఎక్కిళ్ళు వచ్చాయి. ఆ పాఠం ఇద్దరం విన్నామన్నమాట.

అసలు గొడవ ఏప్రిల్ నెలాఖరున మొదలైంది. మా తల్లిగారిది జనగామ. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి గనుక తొమ్మిదో నెల పెట్టగానే అమ్మ వచ్చి నన్ను తీసుకుపోవాలి. పరీక్షలు రాయాలంటే నేను హైదరాబాదులోనే ఉండాలి. ఉండి, ఇక్కడే కాన్పు జరిగితే తల్లిగారికి మాట వస్తుంది.

మా అత్తమ్మ చెడ్డమనిషి కాదు. నా కాళ్ళ వాపు చూసి రాత్రిపూట బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చిపెట్టిన మనిషి. ఆవిడ భయం ఆవిడది. “పరీక్షలు యాడికి పోతయి బిడ్డా? వచ్చే యేడు రాసుకోవచ్చు. ఇంత ఎండల బస్సులు ఎక్కి దిగి, రేపు ఏమన్న అయితే ఎవలది జిమ్మేదారి?” అంది. మావారిని అడిగితే “నీ ఇష్టం” అన్నారు. ఆ మాటలో సాయం ఎంత ఉందో, తప్పుకోవడం ఎంత ఉందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంతలో అత్తమ్మ చెల్లెలు ఇంకొక ఉపాయం మోసుకొచ్చింది. మే 27 పొద్దున మంచి ముహూర్తం ఉందని పంతులు గారు చెప్పారట. ఎలాగూ ఈ రోజుల్లో అందరికీ ఆపరేషనే గదా, ఆ గడియకు తీయించేస్తే బిడ్డ జాతకం బాగుంటుంది, నొప్పుల బాధా తప్పుతుందని ఆవిడ వాదన. ‘అందరికీ’ అనడం అతిశయోక్తే గాని మరీ అబద్ధం కాదు. నేను చెప్పిన ఆ సర్వేలోనే తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇన్ని ఆపరేషన్లూ అవసరమై చేసినవేనా అని ఏ ఆడపిల్లయినా అడగవలసిన ప్రశ్న. 27న నాకు నాలుగో పేపరు ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. అత్తమ్మ ముహూర్తం చీటీ తీసి చూపిస్తే డాక్టరమ్మ చదివి మడిచి ఇచ్చేసింది. “బిడ్డా బాగుంది, తల్లీ బాగుంది. కారణం లేకుండా 39 వారాలు నిండకముందు నేను తీయను. అవసరం పడితే ఏ గడియ అని చూడకుండా తీస్తా” అంది. పరీక్షల సంగతి అడిగితే, “బి.పి. బాగుంది. కూర్చుని రాయడమే గదా. నీళ్ళు తాగు, మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా పరీక్ష వదిలేసి రా” అంది.

ఆ ఆదివారం అమ్మ జనగామ నుంచి వచ్చింది. అందరూ కూర్చుని మాట్లాడారు. ‘వచ్చే యేడు’ అన్న మాట ఒకటికి పదిసార్లు వినిపించింది. ఒక యేడు పోతే ఏం మునిగిందని మీలోనూ కొందరు అనవచ్చు. చంటిబిడ్డ చేతికొచ్చాక ఆడపిల్ల చదువు ఆగిన చోటే ఆగి ఉండదు. రోడ్డు పక్కన నిలిపిన బండికి ఒక్కొక్క చక్రమే ఊడదీసినట్టు, తిరిగి వెళ్ళి చూసేసరికి ఏమీ మిగలదు. ఈ సంగతి నా నోటితో చెప్పడానికి భయపడ్డాను. అమ్మ చాలాసేపు గాజులు సవరించుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా అత్తమ్మతో, “వదినా, నేను డిగ్రీ రెండో సంవత్సరంల ఉన్నప్పుడు ఇది నా కడుపుల పడ్డది. నాకు గూడ అందరు గిట్లనే చెప్పిన్రు. వచ్చే యేడు రాయొచ్చన్నరు” అంది.

అంతే. ఆ వచ్చే యేడు రాలేదని అమ్మ అనలేదు. నేను పుట్టింది 2000లో. అమ్మ ఇంటర్‌తోనే చదువు ఆపిందని అన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. డిగ్రీలో చేరిందనీ, నా మూలంగా మానిందనీ ఆ రోజు విన్నాను.

అత్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కోపం వచ్చిందేమోనని నాకు గుబులు. టీ గ్లాసులతో తిరిగివచ్చి, “అయితే నువ్వు గూడ ఈడనే ఉండు వదినా. ఇద్దరం కలిసి చూసుకుందాం. పురుడు మీ ఇంట్ల పోసుకోని. ఎవలకు మాట రాదు” అంది. నాకు మాత్రం టీ ఇవ్వలేదు. ఐరన్ మాత్ర వేసుకునే వేళయిందని మజ్జిగ ఇచ్చింది.

మే 13న పార్లమెంటు ఎన్నికలు. ఓటు వేయడానికి వెళితే బడి గేటు దాకా వరుస ఉంది. నన్ను చూసి అక్కడున్న పోలీసాయన ఏమీ అడగకుండానే చెయ్యి ఊపి లోపలికి పంపించాడు. అడగకుండా నాకు దారి దొరికిన చోటు అదొక్కటే.

పరీక్ష విషయంలో అడిగినా దొరకలేదు. మాకిచ్చిన హాలు మొదటి అంతస్తులో ఉంది. మెల్లగా ఎక్కితే మెట్లు ఎలాగో ఎక్కవచ్చు. అసలు చిక్కు బెంచీతో. మన రాష్ట్రంలో ఏ కాలేజికి పోయినా ఉండే బెంచీలే అవి. కూర్చునే బల్ల, రాసుకునే బల్ల ఒకే ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. మధ్యనున్న ఖాళీ ఒక మనిషికి సరిపోతుంది, ఇద్దరికి సరిపోదు. ఏప్రిల్ నుంచే నేను పక్కకు తిరిగి కూర్చుని, ఒంటిని మెలిపెట్టి నోట్సు రాసుకునేదాన్ని. మూడు గంటల పరీక్ష అలా రాయడం కాని పని. కింద అంతస్తులో ఒక కుర్చీ, ఒక విడి బల్ల ఇప్పించమని దరఖాస్తు రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను. గుమాస్తా గారు అంతా చదివి, “దీనికి కాలం లేదమ్మా” అన్నారు. కాలం లేదంటే సమయం మించిపోయిందనుకున్నాను. ఫారంలో దీనికి గడి లేదని ఆయన భావం!

ఉద్యోగం చేసే స్త్రీకి 1961లోనే ప్రసూతి చట్టం వచ్చింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు 12 వారాల సెలవు 26 వారాలయింది. పిహెచ్.డి. చేసేవారికి 2016 యు.జి.సి. నిబంధనల్లో 240 రోజుల దాకా సెలవు పెట్టారు. 2021 డిసెంబరులో విద్యార్థినులందరికీ ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని యు.జి.సి. యూనివర్శిటీలకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నకలు నేను వెంట తీసుకుపోయాను. గుమాస్తా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో కుర్చీ గురించి లేదు గదమ్మా” అన్నారు. నిజమే, కుర్చీ గురించి లేదు.

మొదటి పేపరు రోజున గంట ముందే వచ్చి, రెండు చోట్ల ఆగి మెట్లెక్కి, నా నంబరు వేసిన బెంచీ దగ్గర నిలబడ్డాను. పక్కకు తిరిగి దూరాలని చూస్తే కుదరలేదు. హాలు ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి నన్ను చూసింది. “ఇండ్ల ఎట్ల కూసుంటవు బిడ్డా? లోపట పిల్లగాడు నలిగిపోడా? ఆగు” అని వెళ్ళిపోయింది. అయిదు నిమిషాల్లో నెత్తి మీద కుర్చీతో ఆవిడ, వెనకాల చిన్న బల్ల పట్టుకుని అటెండరు వచ్చి, తలుపు పక్కన ఫ్యాను కింద వేశారు. ఇన్విజిలేటర్ గారు వచ్చి “ఎవరి కుర్చీ ఇది? ఎవరు తెచ్చారు?” అన్నారు. ఆయమ్మ, “కుర్చీదేమున్నది సారూ, కూసునేటోళ్ళది” అంది. సారు ఒక క్షణం ఆలోచించారు. తర్వాత జేబులోంచి చాక్‌పీసు తీసి నా హాల్ టికెట్ నంబరు ఆ బల్ల మీద రాశారు. ఇంత పెద్ద యంత్రాంగంలో దొరకని గడి ఆ చాక్‌పీసుతో దొరికింది.

రెండు పేపర్లు బాగానే రాశాను. అమ్మ కింద వేపచెట్టు నీడలో నీళ్ళసీసా, గొడుగు పెట్టుకుని మూడు గంటలూ కూర్చునేది. నేను కిందికి రాగానే అందరు తల్లుల్లాగా ‘ఎలా రాశావు’ అని అడిగేది కాదు. “కదులుతుందా?” అని అడిగేది.

మూడో పేపరు ముందురాత్రి, మే 23న, నోట్సు మూసి పడుకోబోతూ ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. సాయంత్రం నుంచి కదిలిందా? గుర్తు రాలేదు. చదువు ధ్యాసలో పడి గమనించలేదో, నిజంగానే కదలలేదో తెలియదు. లేచి ఇంత అన్నం తిని, ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టాను. రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలని చెప్పారు. గంట గడిచేసరికి రెండు మాత్రమే, అవీ నీరసంగా. అంతకుముందు రోజూ నన్ను నిద్రపోనివ్వనిది ఈ కదలికలే. ఆ రాత్రి వాటి కోసం ఊపిరి బిగపట్టి పడుకున్నాను. రెండో గంట కోసం ఆగలేకపోయాను. మావారు ఆటో పిలుచుకొచ్చారు. అత్తమ్మ సంచి పట్టుకుంది. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. “చెప్తే విన్నవా?” అని అత్తమ్మ అంటుందనుకున్నాను. అన్నా నా దగ్గర జవాబు లేదు. ఆ దారి పొడుగునా పరీక్షలన్నీ, డిగ్రీలన్నీ నాకు చిత్తుకాగితాల్లా కనిపించాయి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా నిజమైన వాక్యం ఇదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ఆస్పత్రిలో నర్సు పొట్ట మీద యంత్రం ఆనించి కాసేపు వెతికింది. తర్వాత గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు వినిపించింది. నిమిషానికి 142. 110 నుంచి 160 దాకా మంచిదేనట. పొట్టకు పట్టీలు కట్టి ఇరవై నిమిషాలు కాగితం మీద గీతలు తీశారు. పట్టీ బిగించగానే లోపలి మనిషి నిద్ర లేచినట్టుంది, యంత్రాన్నే ఒక తన్ను తన్నింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డ్యూటీ డాక్టరు, “అనుమానం రాగానే వచ్చారు, మంచిపని. పొద్దున చూద్దాంలే అని ఆగకూడదు” అన్నాడు. అక్కచెల్లెళ్ళారా, ఈ సావనీరులో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఆ ఒక్కమాట గుర్తుంచుకోండి.

ఇల్లు చేరేసరికి మూడు. పరీక్ష పదింటికి. “నీ ఇష్టం” అన్నారు మావారు మళ్ళీ. ఈసారి మాత్రం ఆటో కూడా మాట్లాడిపెట్టారు. రెండు గంటలు రాసి, కళ్ళు మూతలు పడుతుంటే పేపరు ఇచ్చేసి వచ్చాను. అందులో నాకు 41 మార్కులు వచ్చాయి. పాసుకు 40. మొత్తం మీద ఫస్టు క్లాసు పోయింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ కాస్త బాధే, లేదంటే అబద్ధం.

27న పంతులు గారి ముహూర్తం వేళకు నేను లోటు బడ్జెటు గురించి జవాబు రాస్తున్నాను. 29న చివరి పేపరులో పొట్ట రాయిలాగా బిగుసుకోవడం, వదలడం మొదలైంది. క్రమం లేకుండా వచ్చి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గితే అవి దొంగనొప్పులు. క్రమంగా దగ్గరపడుతూ, ఏం చేసినా ఆగకపోతే అసలు నొప్పులు. లేచి వరండాలో నాలుగడుగులు వేశాను. తగ్గింది. వచ్చి మిగతా జవాబు రాశాను. గంట కొట్టాక ఆ చిన్నబల్ల మీద చాక్‌పీసు నంబరు ఇంకా చెరగకుండా ఉంది. ఆయమ్మ వచ్చి తడిగుడ్డతో తుడిచి, “అయిపోయినయా బిడ్డా? ఇగ ఇంటికి పోయి పండుకో” అంది.

జూన్ 12 వచ్చింది, పోయింది. 14 రాత్రి పదకొండు గంటల నొప్పుల తర్వాత మామూలు కాన్పులోనే పాప పుట్టింది. 2 కిలోల 900 గ్రాములు. మా బస్సు జోస్యం తప్పింది. అత్తమ్మే మొదట ఎత్తుకుంది. ఒప్పందం ప్రకారం పురుడు జనగామలో జరిగింది.

ఇదంతా చదివి, కడుపుతో ఉన్నా పరీక్షలు రాయవలసిందేనని ఎవరికైనా అనిపిస్తే నేను సరిగా రాయలేదన్నమాట. నాకు బి.పి. ఉంటే, డాక్టరమ్మ వద్దంటే, నేనూ వచ్చే యేడే రాసేదాన్ని. అప్పుడు ఆ వచ్చే యేడు నిజంగా వచ్చేలా చూడవలసింది ఇంట్లోవాళ్ళూ, కాలేజీవాళ్ళూ. నిండునెలల మనిషికి జాలి అక్కర్లేదు, ఆంక్షలూ అక్కర్లేదు. కాస్త చోటు కావాలి. బస్సులో జానెడు, హాలులో ఒక కుర్చీ, ఇంట్లో తన మాట వినే నిమిషం. నాకు ఆ చోటిచ్చిన వాళ్ళెవ్వరూ నియమాలు చూసి ఇవ్వలేదు. వాళ్ళు లేకపోతే మాత్రం నియమాలు నాకు కుర్చీ వేసేవి కావు. ఇంకొకరికి అటువంటి ఆయమ్మ దొరక్కపోవచ్చు. అందుకే నియమం కూడా ఉండాలి.

కనుక యూనియన్ వారికి నా విన్నపం ఒక్కటే. ఈసారి మీరు ఇచ్చే కోరికల పత్రంలో క్యాంటీను, హాస్టలు మెస్సుల తర్వాత ఒక చిన్న వాక్యం చేర్చండి. పరీక్షలప్పుడు కింద అంతస్తు గదిలో తలుపు దగ్గర ఒక విడి బల్ల, ఒక కుర్చీ. చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి తలుపు వేసుకునే ఒక గది. ఖర్చు పెద్దగా కాదు. దరఖాస్తు ఫారంలో ఒక గడి కూడా వేయించండి, గుమాస్తా గారికి ఇబ్బంది లేకుండా.

పాప నిద్ర లేచింది. ఇక ఉంటాను.